అన్యదేశ్యాలను ఆదరించిన నిఘంటుకర్త: చార్లెస్ ఫిలిప్ బ్రౌన్

ఈ వార్షిక సంచికను ఎడమ అట్ట వైపు నుండి తెరచినవారికి తెలుగు పుటలు, కుడి అట్ట వైపు నుండి తెరచినవారికి ఉర్దూ పుటలు దర్శనమిస్తాయి. ఎదురెదురుగా బయలుదేరిన రెండు లిపులు నడిమి పుటల వద్ద కలుసుకొంటాయి. ఆ నడిమి పుటల వద్దకు వచ్చినప్పుడల్లా మాకు ఒక మహనీయుడు జ్ఞప్తికి వస్తారు. ఆయన తెలుగువారు కారు. ఉర్దూ మాతృభాషగా గలవారూ కారు. అయినను తెలుగు మాటను, ఉర్దూ మాటను, ఆంగ్లపు మాటను ఒకే బల్లపై పరచుకొని, దీని ఉచ్చారణ ఏమి, వ్రాత ఏమి, అర్థం ఏమి అని జీవితమంతా శోధించినవారు ఆయన. ఆయనే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

ఈ వ్యాసరచనకు ఒక చిన్న సంఘటన ప్రేరకమైనది. సంచికకు వచ్చిన రచనలను పరిశీలిస్తుండగా ఒక విద్యార్థి వ్రాతప్రతి మా చేతికి వచ్చినది. మొదట వ్రాసిన రైతు అనే మాటను కొట్టివేసి కర్షకుడని, కాగితాన్ని కొట్టివేసి పత్రమని, ఖరీదును కొట్టివేసి మూల్యమని ఆ విద్యార్థి దిద్దుకొన్నాడు. కారణమడుగగా, అవి తమ ఇంట మాట్లాడే ఉర్దూ మాటలని, తెలుగు వ్యాసంలో వ్రాస్తే తప్పు పడుతుందేమోనని భయపడినట్లు తెలిపినాడు. రైతు అనే మాట లేకుండ మన కోనసీమను గురించి నాలుగు వాక్యాలు వ్రాయడం ఎంత కష్టమో ఆ కొట్టివేతలు చూచినప్పుడు మాకు బోధపడినది. మామిడికుదురు సంతలో తెలుగువాడు, ముస్లిము కలిసి వాడుకొనే మాట కాగితంపైకి వచ్చేసరికి నేరమెట్లు అయినది? ఆ విద్యార్థికి ఆనాడు మేము నోటిమాటగా చెప్పిన సమాధానమే బ్రౌన్ జీవితకథా రూపంలో ఇక్కడ విన్నవిస్తున్నాము.

బ్రౌన్ 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యులు, బహుభాషా పండితులు. 1800లో కలకత్తాలో ఫోర్ట్ విలియం కళాశాల ఏర్పడినప్పుడు దానికి ప్రోవోస్టు అనే పెద్ద పదవిలో నియమితులైనవారు ఆయనే. మన ఉర్దూ విభాగపు విద్యార్థులకు ఆ కళాశాల పేరు సుపరిచితం. జాన్ గిల్‌క్రిస్టు ప్రోత్సాహంతో మీర్ అమ్మన్ బాగ్-ఓ-బహార్ గ్రంథాన్ని రచించినది అక్కడనే. జనులు మాట్లాడుకొనే సరళమైన ఉర్దూలో వచనం వ్రాయవచ్చునని నిరూపించిన గ్రంథమది. ఆ కళాశాలకు తండ్రి పెద్ద అయినారు. తెలుగువారు మాట్లాడుకొనే మాటలను నిఘంటువునకు ఎక్కించి కుమారుడు పెద్ద అయినారు. మన సంచిక రెండు అట్టలకూ చెందిన కుటుంబమిది అని చెప్పిన అతిశయోక్తి కాదు.

1812లో తండ్రి మరణించగా కుటుంబం ఇంగ్లండుకు తరలినది. బ్రౌన్ అక్కడి హెయిలీబరీ కళాశాలలో కంపెనీ కొలువుకు తగిన విద్య ముగించి 1817 ఆగస్టులో మద్రాసు చేరినారు. అప్పటికి ఆయనకు తెలుగు అనే భాష ఒకటున్నదనే ఎరుక మాత్రమే గాని అందులో ఒక్క అక్షరమూ రాదు. ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు వద్ద ఆయన అక్షరాభ్యాసం జరిగినది. 1820లో పరీక్షలో ఉత్తీర్ణులై కడప కలెక్టరుకు సహాయకులుగా వెళ్లినారు.

ఉద్యోగంలో చేరిన యువకునికి మొదట కలిగినది నిరాశయే. పండితులు నేర్పిన తెలుగు కావ్యాలది. కచేరి గుమ్మం ముందు నిలిచి మొరపెట్టుకొనే రైతు తెలుగు వేరు. అర్జీలో తెలుగు క్రియలు, సంస్కృత విశేషణాలు, పారశీక నామవాచకాలు కలసి ఉండేవి. జమాబందీ, కిస్తు, జప్తు, హుకుం, ఫిర్యాదు, దస్తావేజు, వకీలు, మునసబు మున్నగు మాటలు రానివానికి కచేరిలో పని సాగదు. గోలకొండ సుల్తానులు, మొగలాయీలు, నవాబులు వరుసగా పాలించిన ప్రాంతంలో పరిపాలన పదజాలమంతయు ఆ విధంగానే స్థిరపడినది. అప్పటికి అందుబాటులోకి వచ్చిన ఏ.డి. క్యాంప్‌బెల్ వ్యాకరణం 1816 నాటిది, నిఘంటువు 1821 నాటిది. వాటి వెనుక నున్నది పండిత సంప్రదాయం. ఎదుటనున్న రైతు మాటకు అర్థం చెప్పే పుస్తకం లేదు. ఆ లోటే బ్రౌన్‌ను నిఘంటుకర్తను చేసినది.

1822లో ఆయన మచిలీపట్నానికి, 1825లో రాజమహేంద్రవరానికి బదిలీ అయినారు. ఆ కాలంలో మన కోనసీమ రాజమహేంద్రవరం జిల్లాలో భాగం. గోదావరి పాయల మధ్య పుట్టిన వ్యాజ్యాలు చివరకు చేరేది ఆ పట్టణానికే. ఆ రోజులలోనే ఫ్రెంచి మతబోధకుడు అబే దుబాయ్ గ్రంథంలో వేమన ప్రస్తావన చూచి ఆ పద్యాల వ్రాతప్రతులను వెదకించినారు. ఆటవెలదిలో సామాన్యుని మాట చెప్పిన వేమన ఆయనకు తెలుగు తలుపు తెరచినాడు. 1827లో తెలుగు, సంస్కృత ఛందస్సులను వివరించే గ్రంథాన్ని, 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో మద్రాసులో అచ్చు వేయించారు. పండితులు పెద్దగా పట్టించుకొనని కవిని ఒక విదేశీయుడు తలకెత్తుకొన్నాడు.

కడపకు తిరిగి వచ్చిన పిదప తన బంగళానే ఒక విద్యాలయంగా మార్చినారు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య మున్నగు పండితులను జీతాలిచ్చి పోషించారు. తాటాకులపై శిథిలమవుతున్న కావ్యాలను తెప్పించి, పలు ప్రతులను సరిపోల్చి, శుద్ధప్రతులు కాగితంపై వ్రాయించారు. ప్రభుత్వం సాయం చేసిన సందర్భాలు స్వల్పం. జీతం చాలక అప్పులు చేసినారు. ఆ అప్పులు తీర్చుటకు ఎన్నో ఏండ్లు పట్టినది. కడపలోను, మచిలీపట్నంలోను పేద బాలురకు ఉచిత పాఠశాలలు కూడ నడిపినారు. వివాహం చేసుకొనలేదు. ఆయన సంపాదన, తీరిక, కంటిచూపు ఆ పుస్తకాలకే వినియోగమైనవి.

ఆయన జీవితం ఒడుదుడుకులు లేనిది కాదు. 1834లో ఉద్యోగం పోయినది. మరుసటి సంవత్సరం ఇంగ్లండుకు వెళ్లి, అక్కడ ఇండియా హౌస్ గ్రంథాలయంలో పడియున్న తెలుగు వ్రాతప్రతులను వెలికిదీసి పరిశీలించారు. కొలువు పోయిన మనిషి కొలువుకై మాత్రమే తిరుగక తాటాకుల మధ్య కూర్చొనుట ఆయన స్వభావాన్ని తెలుపుతుంది. 1837లో కంపెనీకి పారశీక అనువాదకులుగా తిరిగి మద్రాసు వచ్చారు. తెలుగు పుస్తకాల కొరకు అప్పులపాలైన మనిషికి జీవనాధారమైనది పారశీకం. తరువాత తపాలా శాఖకు అధిపతిగా, తెలుగు అనువాదకులుగా, కళాశాల మండలి సభ్యులుగా కూడ పనిచేశారు.

ఆయన నిఘంటు సేవలో ఈ పారశీక జ్ఞానం ఎంత ఉపకరించినదో ఉర్దూ చదువుకొన్నవారు సులభంగా గ్రహించగలరు. ఒక ఉదాహరణ మేమే చెబుతాము. జిల్లా అనే మాటను ఉర్దూలో జ్వాద్, లామ్, ఐన్ అనే మూడక్షరాలతో వ్రాస్తాము. మొదటి అక్షరపు అరబ్బీ ధ్వని తెలుగులో లేదు. చివరి అక్షరపు ధ్వని కంఠమూలంలో పుట్టేది. అదీ తెలుగులో లేదు. తెలుగువాడు ఏమి చేసినాడు? తన చెవికి వినబడినంత వరకు గ్రహించి, లకారాన్ని ద్విత్వం చేసి, చివర అచ్చు నిలిపి జిల్లా అన్నాడు. రైతు అనే మాట అరబ్బీలో రే, ఐన్, యే, తే అక్షరాలతో వ్రాయబడేది. తెలుగులో ఐన్ లోపించి, చివర ఉకారం చేరి రైతు అయినది. అదే విధంగా తాలూకా అనే మాటలోని ఐన్ పోయి దాని స్థానంలో దీర్ఘం మిగిలినది.

ఉర్దూలో జే, జాల్, జ్వాద్, జోయ్ అనే నాలుగు అక్షరాలు వ్రాతలో వేరైనను పలుకుటలో ఒకటే. తెలుగు వాటన్నింటికి ఒక జకారం చాలునన్నది. సే, సీన్, స్వాద్ అనే మూడింటికి ఒక సకారం చాలునన్నది. అయితే తెలుగు లిపికి మరొక గుణమున్నది. ఉర్దూ వ్రాతలో హ్రస్వ స్వరాలు సాధారణంగా గుర్తింపబడవు. చదువరి తెలిసి పలుకవలెను. తెలుగు వ్రాతలో ప్రతి స్వరమూ కనబడుతుంది. కావున ఒక ఉర్దూ మాట ఈ గడ్డపై నిజంగా ఎట్లు పలుకబడినదో తెలుగు వ్రాతయే సాక్ష్యమిస్తుంది. ఉర్దూ లిపి మాట పుట్టుకను భద్రపరచినది. తెలుగు లిపి దాని నడకను భద్రపరచినది. రెండు లిపులూ చదువగలిగినందున బ్రౌన్ ఈ మాటల పుట్టుకను, నడకను కూడ చూడగలిగినారు.

1852 ఆయన జీవితంలో ఫలించిన సంవత్సరం. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ఆనాడు వెలువడినది. వ్యవహారంలో పలికే భాషను, కావ్యభాషను రెండింటినీ వివరించుట దాని ఉద్దేశమని గ్రంథనామమే ప్రకటించినది. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కూడ ఆ కాలపుదే. ఆంగ్ల పదాలకే గాక ఆంగ్ల నుడికారాలకు తెలుగు వివరణ ఇచ్చుట, ఆంగ్ల పదాల ఉచ్చారణను చూపుట దాని ప్రత్యేకత. అంతకు ముందు జె.సి. మోరిస్ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఉన్నను, మాట వెంట నుడికారాన్ని, ఉచ్చారణను ఇంత శ్రద్ధగా పట్టుకొన్నది బ్రౌన్ కృతియే.

ఇది ఎంత కష్టమైన పనియో ఆలోచింపుడు. ఆంగ్లంలో వ్రాత ఒక దారి, పలుకు ఒక దారి. కత్తి అనే అర్థం గల మాటను కె, ఎన్, ఐ, ఎఫ్, ఇ అనే అయిదక్షరాలతో వ్రాసి నైఫ్ అని పలుకుతారు. మొదటి అక్షరం మౌనం, చివరి అక్షరమూ మౌనం. తెలుగు లిపిలో మౌనాక్షరమనేది లేదు, వ్రాసినదంతా పలుకవలసినదే. కావున ఆంగ్ల పదానికి తెలుగు ఉచ్చారణ చూపువాడు మొదట కంటిని మూసుకొని చెవిని తెరువవలెను. నుడికారం అంతకన్న కష్టం. కుశలమడిగే ఆంగ్ల వాక్యాన్ని మాటకు మాటగా మార్చితే నీవు ఎట్లు చేయుచున్నావని వస్తుంది. ఏమి చేయుటయో ఎవరికి తెలియును? తెలుగువాడు బాగున్నారా అంటాడు. ఉర్దూవాడు మిజాజ్ ఎట్లున్నదని అడుగుతాడు. మూడు భాషలకు పలకరింపు ఒకటే, మాటలు వేరు. ఈ సంగతిని విద్యార్థులకు అభ్యాసాల ద్వారా నేర్పుటకు బ్రౌన్ వాక్యావళి అనే పుస్తకాన్ని కూర్చినారు. ఆంగ్లపు వాక్యాలకు తెలుగు నుడికారాన్ని జతచేసిన ఆ పుస్తకం అనువాదం నేర్చుకొనువారికి ఒక పాఠశాల వంటిది.

1852లోనే జిల్లా డిక్షనరీ అనే మరొక పుస్తకం రోమను లిపిలో వచ్చినది. కచేరిలలో వాడే దేశీయ పదాలను ఆంగ్లేయ ఉద్యోగులకు వివరించే చేతిపుస్తకమది. 1854లో వెలువడినది మిశ్రభాషా నిఘంటువు. తెలుగులో వాడుకలో నున్న అన్యదేశ్యాలకు, మిశ్ర పదాలకు ప్రత్యేకించిన నిఘంటువు అది. మన వ్యాకరణ సంప్రదాయంలో తత్సమం, తద్భవం, దేశ్యం అని విభాగాలుండగా అన్యదేశ్యానికి గడప బయట చోటు. గ్రామ్యం పేరెత్తుటకే పండితులు సంకోచించిన కాలమది. అట్టి రోజులలో రశీదుకు, వకీలుకు, కచేరికి అర్థం చెప్పుటకు ఒక సంపుటమే కేటాయించుట సాహసమే.

ఈ పదాలను పరిశీలిస్తే తెలుగు భాష వాటిని ఎట్లు తనవి చేసుకొన్నదో తెలుస్తుంది. తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు కావలెను. కావున కోర్టు, రోడ్డు, టిక్కెట్టు అయినవి. దుకాన్ దుకాణమై, కాగజ్ కాగితమై మువర్ణకాన్ని ధరించి సంస్కృత పదాల పంక్తిలో కూర్చొన్నవి. ఖరీద్ ఉర్దూలో కొనుగోలు. తెలుగులో ఖరీదు వెల అయినది. క్రియలైతే మరింత చిత్రం. సతానా అనే ఉర్దూ క్రియకు ఇంచు ప్రత్యయం చేరి సతాయించు అయినది. ఫిరానా ఫిరాయించు అయినది. బనానా బనాయించు అయినది. పోర్చుగీసువారి నుండి మేస్త్రి, బొత్తాం, అల్మారా వచ్చినవి. అప్పీలు, డిక్రీ, కలెక్టరు ఆంగ్లం నుండి వచ్చి, లు చేర్చుకొని బహువచనమైనవి, కు చేర్చుకొని విభక్తి పొందినవి. ఇంటి పెద్ద పెట్టిన పేరును ధరించి, ఇంటి పద్ధతి పాటించే కోడలిని పరాయిపిల్ల అనుట ధర్మమా?

లిపి విషయంలోను బ్రౌన్ చెవినే ప్రమాణంగా గైకొన్నారు. వాడుకలో భేదం నశించిన బండి ఱకారాన్ని ఆయన అనావశ్యకమని తలచినారు. మరొకవైపు, వ్రాతలో లేని భేదాన్ని చెవి వినిపించినప్పుడు దానికి గుర్తు కల్పించారు. చీమలోని చకారం వేరు, చాపలోని చకారం వేరు. జిల్లేడులోని జకారం వేరు, జడలోని జకారం వేరు. దంత్యంగా పలికే చ, జలపై తెలుగు రెండంకె వంటి చిన్న గుర్తు నుంచి ఆయన నిఘంటువులో ఆ భేదం చూపినారు. ఉర్దూ జే ధ్వనికి తెలుగులో దాపున నున్నది ఈ దంత్య జకారమే. జమీను అనే మాట తెలుగు నోట అంత సులువుగా ఇమిడిపోవుటకు ఇది ఒక కారణమని మా అభిప్రాయం.

1852 మన గోదావరి వాసులకు మరొక కారణంగా కూడ స్మరణీయం. సర్ ఆర్థర్ కాటన్ 1847లో ప్రారంభించిన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తియైన సంవత్సరమదే. నీటితోబాటు కాలువల వెంట మాటలు కూడ ప్రవహించినవి. కాలువ మీద తలుపులు మూసి నీటిమట్టం మార్చి పడవను దాటించే కట్టడాన్ని మన వారు లాకు అన్నారు. ఆవిరి పడవ లాంచీ అయినది. రేవు దాటించే బల్లకట్టు వంటి పడవ పంటు అయినది. ఈ మూడు ఆంగ్ల పదాలను పలుకని కోనసీమ వాసి ఉండడు. అవి ఆంగ్లమని తలచిన వాడూ అరుదు. మాటల ప్రవాహం ఒకవైపే కాదు. ఆనకట్టకు దక్షిణాది భాషల మాటను ఆంగ్ల ఇంజనీర్లు అనికట్ అని తమ గ్రంథాలలో వ్రాసుకొన్నారు. మన పందికొక్కు ఆంగ్లంలో బాండికూట్ అయి, సముద్రం దాటి ఆస్ట్రేలియాలోని మరొక జంతువుకు పేరైనది. ఎలుకజాతి జంతువుకే అంతటి గౌరవం దక్కగా, ఖరీదు, కాగితం మన వ్యాసంలోకి వచ్చుటకు అనుమతి అడుగవలెనా?

మహనీయుల జీవితం చెప్పేటప్పుడు లోపాలను దాచుట ఆ మహనీయులకే గౌరవం కాదు. బ్రౌన్ కంపెనీ ఉద్యోగి. పరిపాలకులకు ప్రజల భాష నేర్పుట ఆయన కృషిలో ఒక ప్రయోజనం. నిఘంటువు ముఖపత్రంపై ఆయన పేరు ఒక్కటే నిలిచినది. రాత్రింబవళ్లు వ్రాతప్రతులను సరిపోల్చిన జూలూరి అప్పయ్య మున్నగువారి పేర్లు సామాన్య పాఠకునికి చేరలేదు. అన్యదేశ్యాలను ఆదరించిననూ వాటిని వేరు సంపుటంలో ఉంచినారు. అతిథికి భోజనం పెట్టి, పంక్తి మాత్రం వేరుగా వేసినట్లు ఇది కొందరికి తోచవచ్చును. ఉద్యోగులకు ఉపయోగమను దృష్టితో చేసిన విభాగమది. ఆ పంక్తిభేదాన్ని కాలమే సవరించినది. 1903లో కందుకూరి వీరేశలింగం పంతులు ప్రభృతుల చేతిలో సవరింపబడి వెలువడిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో హిందూస్తానీ మాటలు తెలుగు మాటల వరుసలోనే ఉన్నవి. పక్కన పుట్టిల్లు తెలిపే ఒక చిన్న అక్షరం మాత్రమే గుర్తు. రైతు అక్కడ తన అకారాది స్థానంలో తానే కూర్చొన్నాడు. రాజమహేంద్రవరంలో పుట్టి పెరిగిన పంతులుగారు ఆ కూర్పులో పాలుపంచుకొనుట మన గోదావరి సీమకు గర్వకారణం.

1855 నాటికి ఆరోగ్యం క్షీణించి బ్రౌన్ భారతదేశం విడిచినారు. సేకరించిన వ్రాతప్రతులను అప్పటికే మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించారు. ఇప్పుడు చెన్నపట్నంలోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో తెలుగు సంపదగా ఉన్నవి అవే. లండనులోను ఆయన తెలుగును విడువలేదు. 1865లో లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులైనారు. 1884 డిసెంబరు 12వ తేదీన, 86 ఏండ్ల వయస్సులో కన్నుమూశారు. కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి కలదు. కడపలో ఆయన బంగళా ఉన్న స్థలంలో జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారి కృషి వలన గ్రంథాలయం వెలసినది. అది నేడు యోగి వేమన విశ్వవిద్యాలయపు ఆధ్వర్యంలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంగా నడుస్తున్నది. వేమన పేరిట వెలసిన విశ్వవిద్యాలయపు నీడలో వేమనను లోకానికి చాటిన వాని గ్రంథాలయముండుట సముచితం.

నూటయేబది సంవత్సరాలు దాటిన ఈ కథ మనకు నేడెందుకు? మన మామిడికుదురు, రాజోలు, అమలాపురం ప్రాంతాల నుండి ఎందరో జీవనోపాధికై గల్ఫ్ దేశాలకు వెళ్తున్నారు. వారి ఉత్తరాలలో, ఫోనులలో వీసా, ఇకామా, కఫీలు అనే మాటలు మన ఇండ్లకు వచ్చినవి. ఆ మాటలకు తెలుగు వ్రాత ఏది, అర్థం ఏది అని తెలియక ఒప్పందాలపై సంతకం చేసి కష్టాల పాలైనవారు ఉన్నారు. అనువాదం వారికి జీతానికి, స్వేచ్ఛకు సంబంధించిన విషయం. పేర్ల సంగతి చూడుడు. ఖాదర్ అనే పేరును రోమను లిపిలో ఒక పత్రంపై కె తోను, మరొక పత్రంపై క్యూ తోను వ్రాస్తారు. రెండు పత్రాలలోని మనిషి ఒకడే యని నిరూపించుటకు మా విద్యార్థి ఒకరు ఒక కార్యాలయం చుట్టూ నెలల తరబడి తిరిగినాడు. తప్పు ఖాదర్‌ది కాదు. పేరు పలికిన తల్లిదండ్రులదీ కాదు. వినక వ్రాసిన చేతిది. బ్రౌన్ వంటివాడు కచేరి బల్ల ముందు కూర్చొని ఉంటే మొదట నీ పేరు మరొకమారు చెప్పుమని అడిగి, విని, పిదప కలం ఎత్తేవాడని మా నమ్మకం.

కావున విద్యార్థినీ విద్యార్థులకు మా విన్నపం ఇది. కావ్యభాషను నేర్వండి, సంస్కృత పదాల గాంభీర్యాన్ని గౌరవించండి, ఉర్దూ పదాల పుట్టుకను తెలిసికొనండి, ఆంగ్ల పదాలను సరిగా పలుకండి. ఏది ఎక్కడ ఒప్పునో తెలిసి వాడుట విద్య. ఏ మాటనైనను పరాయిదను కారణం ఒక్కటే చూపి కొట్టివేయుట మాత్రం విద్య కాదు. కళాశాల పాలకవర్గం వారికి కూడ ఒక మనవి. మన గ్రంథాలయంలో బ్రౌన్ నిఘంటువులు తెలుగు బీరువాలో ఒక ప్రతి, ఉర్దూ బీరువాలో ఒక ప్రతి ఉంచవలసినవి. మన వార్షిక సంచిక నడిమి పుటలలో ప్రతి సంవత్సరం మన ఊళ్ల ఉర్దూ, తెలుగు, ఆంగ్ల మిశ్రపదాలను విద్యార్థులచేత సేకరింపజేసి, రెండు లిపులలోను అచ్చు వేయవలెనని కోరుచున్నాము. లాకు, లాంచీ, పంటులతో ఆ పని మొదలుపెట్టవచ్చును.

వ్యాసం దిద్దుకొన్న విద్యార్థిని మేము మరల పిలిచి, కర్షకుని కొట్టివేసి రైతును, మూల్యాన్ని కొట్టివేసి ఖరీదును తన చేతితోనే తిరిగి వ్రాయుమని చెప్పినాము. కాగితం అనే మాటను తిరిగి వ్రాసేటప్పుడు అతని ముఖంలో కనబడిన తేలికదనమే మాకు ఈ వ్యాసానికి లభించిన పారితోషికం. అతని రచన ఈ సంచికలోనే, కొట్టివేతలు లేకుండ, అచ్చవుతున్నది.